సరిహద్దులో పండుగ మిఠాయి: గోదావరి డెల్టా నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు 15 వచ్చినా, దీపావళి వచ్చినా మన వైపు టీ కొట్ల దగ్గర ఒక చర్చ తప్పదు. సరిహద్దు గేటు దగ్గర మనవాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకు మిఠాయి పెట్టె ఇచ్చారని ఒక ఏడాది కోపం. ఇవ్వలేదని ఇంకో ఏడాది ఆరా. సైన్యంలోనో, సరిహద్దు భద్రతా దళం బీఎస్ఎఫ్‌లోనో పిల్లలున్న ఇళ్ళు మన రెండు గట్ల మీదా తక్కువేమీ కాదు. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరు సైనికులను పంపుతూనే ఉంది. అందుకే మన దగ్గర ఈ ప్రశ్నలు ఊసుపోక అడిగేవి కావు. ఎక్కువమంది అడిగిన వాటికి జవాబులు ఇవి.

అసలు అక్కడ జరిగేది ఏమిటి?

టీవీలో చూపించినంత హడావిడి ఏమీ ఉండదు. ముందే కబురు పంపుకుని ఒక సమయం అనుకుంటారు. ఆ వేళకు గేటు తెరుస్తారు. రెండు వైపుల నుంచీ అధికారులు, వెంట కొద్దిమంది జవాన్లు సరిహద్దు గీత దాకా నడిచి వస్తారు. సెల్యూట్, కరచాలనం, పండుగ శుభాకాంక్షలు. రంగు కాగితం చుట్టిన మిఠాయి పెట్టెలు చేతులు మారతాయి. ఒక ఫొటో తీసుకుని ఎవరి దారిన వాళ్ళు వెనక్కి వెళ్తారు. చర్చలు, సంతకాలు ఏవీ ఉండవు.

ఏయే సందర్భాల్లో ఇచ్చుకుంటారు?

మన వైపు నుంచి దీపావళి, జనవరి 26, ఆగస్టు 15. వాళ్ళ వైపు నుంచి రంజాన్, బక్రీద్, ఆగస్టు 14. ఎవరి పండుగ అయితే వాళ్ళు ముందు ఇవ్వడం, అవతలివాళ్ళు బదులివ్వడం సాధారణ మర్యాద. ఆగస్టులో మాత్రం ఒకరోజు తేడాతో రెండు స్వాతంత్ర్య దినాలు వస్తాయి కాబట్టి, ముందురోజు అటునుంచి ఇటు, మర్నాడు ఇటునుంచి అటు. మన సంక్రాంతికి ఇవ్వరా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ పండుగ ఈ లెక్కలో లేదు.

ఇచ్చేది సైన్యమా, బీఎస్ఎఫా?

చోటును బట్టి ఉంటుంది. గుజరాత్ నుంచి జమ్మూ దాకా అంతర్జాతీయ సరిహద్దును కాచేది బీఎస్ఎఫ్. ఇది 1965 యుద్ధం తరువాత, అదే ఏడాది డిసెంబరు 1న పుట్టిన దళం. కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తుంది. దానికి ఎదురుగా ఉండేవాళ్ళు పాకిస్తాన్ రేంజర్లు. కశ్మీర్‌లోని నియంత్రణ రేఖ సంగతి వేరు. 1972 సిమ్లా ఒప్పందంతో ఆ పేరు స్థిరపడిన ఆ రేఖ మీద ఎదురుబొదురుగా నిలిచేవి రెండు దేశాల సైన్యాలు. అక్కడ మిఠాయి ఇచ్చుకుంటే అది సైన్యం పని. మనం అలవాటుగా అందరినీ ‘మిలటరీ వాళ్ళు’ అనేస్తాం గానీ, వార్త చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంటే సగం సందేహాలు తీరతాయి.

అటారీనా, వాఘానా?

గేటు ఒకటే. మన వైపు ఊరు అటారీ, అవతలి ఊరు వాఘా.

ఒక్క అటారీలోనేనా?

కాదు. కెమెరాలు ఎక్కువగా అక్కడ ఉంటాయి కాబట్టి మనకు అదే కనిపిస్తుంది. రాజస్థాన్‌లో బాడ్మేర్ వైపు మునాబావ్, పంజాబ్‌లో హుస్సేనీవాలా, జమ్మూ దగ్గర సుచేత్‌గఢ్ ఆక్ట్రాయ్ పోస్టు వంటి చోట్లా ఈ ఆనవాయితీ ఉంది. నియంత్రణ రేఖ మీద పూంఛ్ దగ్గర చకాఁ దా బాగ్, ఉరి దగ్గర కమాన్ అమన్ సేతు, ఇంకా తీత్వాల్.

తీత్వాల్ గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ హద్దు ఒక నది. మనం కిషన్‌గంగ అంటాం, వాళ్ళు నీలం అంటారు. నది మీద చిన్న వంతెన, రెండు ఒడ్డుల మీదా ఊళ్ళు. యానాం రేవులో నిలబడి ఎదుర్లంక వైపు చూసినట్టు, అక్కడివాళ్ళకు అవతలి ఇళ్ళు, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. మనకైతే మధ్యలో గౌతమి, దాని మీద వంతెన, రోజంతా బస్సులు. వాళ్ళకు ఆ వంతెన మీద మనిషి నడవాలంటే రెండు ప్రభుత్వాల అనుమతి కావాలి. 2021లో రంజాన్ పండుగ నాడు రెండు సైన్యాలూ మిఠాయి ఇచ్చుకున్న చోట్లలో ఆ వంతెన ఒకటి.

ఎప్పుడైనా ఆగిందా? ఎందుకు?

చాలాసార్లు ఆగింది. ఆగిన సందర్భాలను వరుసగా పెట్టి చూస్తే రెండు దేశాల చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

2016 సెప్టెంబరులో ఉరి సైనిక శిబిరం మీద దాడి జరిగింది. నెలాఖరున మన సైన్యం సర్జికల్ దాడులు చేసింది. ఆ తరువాత వచ్చిన దీపావళికి అటారీలో మిఠాయి లేదు. 2018లో కాల్పుల ఉల్లంఘనలు పెరిగి మన జవాన్లు చనిపోతున్న రోజుల్లో గణతంత్ర దినోత్సవానికీ ఇవ్వలేదు, రంజాన్‌కూ తీసుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో మళ్ళీ ఇచ్చుకున్నారు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలయ్యారు. ఆగస్టు 5న 370వ అధికరణం కింద జమ్మూ కశ్మీర్‌కు ఉన్న ప్రత్యేక హోదా రద్దయింది. వారం తరువాత బక్రీద్, ఆ వెంటనే ఆగస్టు 15. రెండింటికీ గేటు దగ్గర పెట్టెలు కనిపించలేదు.

మళ్ళీ మొదలవడానికీ ఒక కారణం ఉంది. 2021 ఫిబ్రవరి 25న రెండు దేశాల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ళు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. నియంత్రణ రేఖ మీద కాల్పుల విరమణను కచ్చితంగా పాటిస్తామన్నారు. తుపాకులు నెమ్మదించాయి. ఆ జూలైలో బక్రీద్ నాడు అటారీ గేటు దగ్గర మిఠాయి పెట్టెలు తిరిగి కనిపించాయి, నవంబరులో దీపావళికీ ఇచ్చుకున్నారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2003లో కాల్పుల విరమణ మొదలైందే పండుగ రోజున. నవంబరులో రంజాన్ పండుగ నాటి నుంచి కాల్పులు ఆపుతామని పాకిస్తాన్ ప్రకటించింది, మన దేశం అంగీకరించింది. పండుగ అంటే ఇద్దరూ పరువు పోకుండా ఒక అడుగు వెనక్కి వేయగలిగిన రోజు. మామూలు రోజున ఆ అడుగే వేస్తే ఓడిపోయారంటారు.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకులను కాల్చి చంపారు. ఆ వెంటనే మన ప్రభుత్వం అటారీ చెక్‌పోస్టును మూసింది. మే 7న ఆపరేషన్ సిందూర్, మే 10న కాల్పుల నిలిపివేత. సాయంత్రం జరిగే జెండా దించే కవాతు కొద్దిరోజులు ప్రజలకు ఆగి, మే నెలలోనే మళ్ళీ మొదలైంది. అయితే గేట్లు తెరవడం లేదు, అవతలి వాళ్ళతో కరచాలనం లేదు. ఆ ఏడాది ఆగస్టు 14, 15 తేదీల్లో మిఠాయి కూడా లేదు.

మన పిల్లలను చంపుతున్న వాళ్ళకు స్వీట్లు పెట్టడమేమిటి?

అన్నింటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళలో కొందరు కాలక్షేపానికి అడుగుతారు, కొందరు కొడుకు ఫొటోకు దండ వేసినవాళ్ళు. రెండో వాళ్ళ దగ్గర వాదన పెట్టుకోకూడదు. ‘మీరు విశాల హృదయంతో ఆలోచించాలి’ అని వాళ్ళకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మిగతావాళ్ళ కోసం రెండు సంగతులు. మొదటిది, గేటు దగ్గర నిలబడిన జవాను తనంతట తాను పెట్టె ఇవ్వడు, తనంతట తాను మానడు. ఇవ్వమంటే ఇస్తాడు, వద్దంటే మానుతాడు. ఫొటోలో నవ్వుతున్నాడని అతన్ని తిట్టిపోయడం అన్యాయం. ఆ రాత్రికి అతను మళ్ళీ తుపాకీతో కంచె వెంట నడవాల్సినవాడే.

రెండోది, ఇది స్నేహం కాదు. స్నేహమని రెండు వైపులా ఎవరూ అనుకోవడం లేదు. ‘శత్రువులు కౌగిలించుకున్నారు’ అని శీర్షిక పెట్టే ఛానెళ్ళదే ఆ తప్పు. ఒకే గీతకు అటూ ఇటూ కాపలా కాసే రెండు దళాల మధ్య మాట తెగిపోకుండా ఉంచే పని అది. మాట ఉండటం ఎంత అవసరమో పక్క ప్రశ్నలో చెబుతాను.

నా అభిప్రాయం అడిగితే: దాడి జరిగిన ఏడాది పెట్టె ఇవ్వకపోవడమే సబబు. ఏమీ జరగనట్టు ఇస్తే ఆ మర్యాదకే విలువ పోతుంది. అలాగని శాశ్వతంగా మానేయాలంటే మాత్రం ఒప్పుకోలేను. అసలు ఇచ్చే అలవాటే లేకపోతే, ఇవ్వకపోవడంతో నిరసన ఎలా తెలుపుతారు?

దీనివల్ల ఒరిగేది ఏమిటి?

మనకు బాగా తెలిసిన లెక్కలో చెబితే, ఇది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసే కొలబద్ద లాంటిది. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ కొలబద్ద వరదను ఆపలేదు. అయినా దాన్ని చూసే లంకల్లో జనం గొడ్లను గట్టెక్కిస్తారు. మిఠాయి పెట్టె యుద్ధాన్ని ఆపలేదు. అది ఆగిందంటే పైన నీరు పెరుగుతోందని తెలుసుకోవచ్చు.

అసలు ఉపయోగం ఫొటోకు అందనిది. పంజాబ్‌లో కంచె ఒకచోట, అసలు సరిహద్దు గీత ఇంకాస్త ముందు ఉంటాయి. మధ్యలో మన రైతుల పొలాలు. గుర్తింపు కార్డు చూపించి, కంచె గేటు దాటి, జవాన్ల కాపలాలో దున్నుకుని సాయంత్రానికి వెనక్కి రావాలి. అలాంటి చోట పశువు దాటిపోవడం, మతి స్థిమితం లేని మనిషి అటు నడవడం, పిల్లవాడు దారి తప్పడం మామూలే. అప్పుడు తెల్లజెండా ఊపి సమావేశానికి పిలుస్తారు. ఎదుట కూర్చునే అధికారి ముఖం పోయిన పండుగకు చూసినదే అయితే వ్యవహారం తొందరగా తేలుతుంది. పహల్గాం దాడి జరిగిన మర్నాడే బీఎస్ఎఫ్ జవాను ఒకరు పొరపాటున గీత దాటి పట్టుబడ్డారు. మధ్యలో క్షిపణులు, డ్రోన్లు ఎగిరాయి. అయినా మే 14న ఆయన్ను అటారీ దగ్గర క్షేమంగా అప్పగించారు. అంత ఉద్రిక్తతలోనూ రెండు వైపులా మాట్లాడుకునే దారి పూర్తిగా మూసుకుపోలేదు కాబట్టే అది సాధ్యమైంది.

సముద్రం మీద బతికేవాళ్ళకు ఇది ఇంకా దగ్గరి విషయం. గుజరాత్ తీరంలో పడవల మీద కూలికి వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరిలో ఇరవై మంది ఈ గేటు గుండానే నడిచి వచ్చారు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు వేటకు వెళ్ళే కుటుంబాలు ఆ రోజు టీవీ ముందు నుంచి కదిలి ఉండవు.

మిఠాయి ఆగినప్పుడు అన్నీ ఆగిపోతాయా?

ఆగవు. ఇది చాలామందికి తెలియదు. ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. ఒకరి కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదన్న 1988 నాటి ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఇది సాగుతోంది. కార్గిల్ తరువాతా ఆగలేదు, పుల్వామా తరువాతా ఆగలేదు. జైళ్ళలో ఉన్న ఖైదీలు, మత్స్యకారుల జాబితాలు జనవరి 1న, జూలై 1న మారతాయి. 2025లో మే నెల అంతా అలా గడిచినా జూలై 1న ఆ జాబితాలు ఇచ్చుకున్నారు. సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ళ కార్యాలయాల మధ్య హాట్‌లైన్ ఎటూ ఉంది. కొత్త సంవత్సరం రోజున ఒకరు కేకు కోస్తుంటే, ఇంకొకరు ‘మా అణు కేంద్రాలు ఇవీ’ అని కాగితం ఇవ్వడం విచిత్రంగా అనిపిస్తుంది. నన్నడిగితే, మిఠాయి పెట్టె కంటే ఆ కాగితమే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

చైనాతో కూడా ఇలా ఉందా?

ఉంది. వాస్తవాధీన రేఖ వెంట లద్దాఖ్‌లో చుషూల్, దౌలత్ బేగ్ ఓల్డీ, సిక్కింలో నాథు లా, అరుణాచల్‌లో బుమ్ లా, కిబితు దగ్గర సరిహద్దు సిబ్బంది సమావేశ స్థలాలు ఉన్నాయి. జాతీయ దినోత్సవాలకు అక్కడ కలుసుకోవడం ఆనవాయితీ. 2017లో డోక్లాంలో రెండు సైన్యాలూ ఎదురెదురుగా మోహరించిన ఏడాది ఆగస్టు 15న ఆ సమావేశం జరగలేదు.

2020 జూన్ 15న లద్దాఖ్ గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ. మన సైనికులు 20 మంది మరణించారు. వారికి నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవాసి, మరణానంతరం మహావీర్ చక్ర పొందినవారు. ఆ వార్త వచ్చిన రోజు మన ఊళ్ళలోనూ పొయ్యి వెలిగించబుద్ధి కాని ఇళ్ళున్నాయి. నాలుగేళ్ళ తరువాత, 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్ గస్తీ మీద అవగాహన కుదిరింది. అదే నెల 31న దీపావళి. ఆ రోజు రేఖ వెంట పలు చోట్ల రెండు సైన్యాలూ మిఠాయి ఇచ్చుకున్నాయి. తొందరపడ్డారని కొందరన్నారు. బలగాలు వెనక్కి తగ్గాకే ఇచ్చారు కాబట్టి వరుస సరిగ్గానే ఉందని నాకనిపిస్తుంది.

బంగ్లాదేశ్‌తో?

అక్కడ బీఎస్ఎఫ్, బోర్డర్ గార్డ్ బంగ్లాదేశ్ ఇచ్చుకుంటాయి. పెట్రాపోల్, ఫుల్‌బాడీ, అగర్తలా దగ్గర అఖౌరా గేటు పేర్లు వార్తల్లో వింటాం. రంజాన్, దుర్గాపూజ, దీపావళి, జాతీయ దినాలు.

ఇది మన ఉపఖండం వింతేనా, ఇంకెక్కడైనా జరిగిందా?

అందరికీ తెలిసినది 1914 క్రిస్మస్. నరసాపురం, పాలకొల్లు వైపు డిసెంబరులో ఇంటింటికీ కాగితపు నక్షత్రాలు వేలాడుతుంటే ఆ కథ చర్చిల్లోనూ వినిపిస్తుంది. అయితే చెప్పేటప్పుడు దానికి బాగా చక్కెర పూస్తారు, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అయిదు నెలలు. బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దుల్లో బురద కందకాల్లో ఒకవైపు బ్రిటిష్ వాళ్ళు, ఎదురుగా జర్మన్లు. మధ్యలో కొన్నిచోట్ల కేక వేస్తే వినిపించేంత దూరం. డిసెంబరు 24 రాత్రి జర్మన్ కందకాల మీద చిన్న క్రిస్మస్ చెట్లు, కొవ్వొత్తులు కనిపించాయి. పాటలు మొదలయ్యాయి. ఇటునుంచి జవాబు పాటలు. తెల్లవారాక ఆయుధాలు లేకుండా పైకి లేచి మధ్యలోకి నడిచారు. సిగరెట్లు, బొత్తాలు, తినుబండారాలు మార్చుకున్నారు. కొన్నిచోట్ల బంతి కూడా ఆడారు.

బంతాట గురించే అందరూ చెబుతారు. ఆ రోజు జరిగిన ముఖ్యమైన పని వేరు. రెండు కందకాల మధ్య వారాల తరబడి పడి ఉన్న శవాలను తీసి పాతిపెట్టారు. కాల్పులు ఆగితే తప్ప ఆ పని కుదరదు. మన గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు కూడా ఆ సంధిలో ఉన్నారన్నది మనవాళ్ళు అరుదుగా చెప్పుకునే సంగతి. హిమాలయాల నుంచి వెళ్ళిన హిందూ సైనికులకు జర్మన్ క్రిస్మస్ చెట్టు ఏమని తోచిందో!

అన్నిచోట్లా అలా జరగలేదు. ఆ రోజున కూడా కాల్పులు సాగిన చోట్లున్నాయి, చనిపోయినవాళ్ళున్నారు. పై అధికారులకు అసలు నచ్చలేదు. బ్రిటిష్ జనరల్ స్మిత్-డోరియన్ శత్రువుతో చెలిమి కూడదని డిసెంబరు మొదట్లోనే ఆదేశం ఇచ్చి ఉన్నాడు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కు అలాంటిది జరగకుండా గట్టి ఆంక్షలు పెట్టారు. అటారీకీ దీనికీ తేడా అదే. అక్కడ ఆదేశాన్ని కాదని సైనికులు చేతులు కలిపారు, ఇక్కడ ఆదేశం మీద కలుపుతారు.

మన పూతరేకులో, కాజాలో ఆ పెట్టెల్లో వెళ్ళేలా పంపవచ్చా?

కుదరదు. అటు వెళ్ళే పెట్టెలు దళం తరఫున అధికారికంగా సమకూర్చేవి. మీరు పంపింది మీ అబ్బాయికి, అతని తోటివారికి చేరుతుంది, గీత దాటదు.

అబ్బాయికి పంపాలనుకుంటే మాత్రం నాలుగు మాటలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశమంతా తెలిసింది. కానీ బోర్లించిన కుండ మీద గుడ్డతో లాగిన ఆ పొర పార్సిల్ కుదుపులకు నిలవదు. విప్పేసరికి నెయ్యి, బెల్లం కలిసిన పొడి మిగులుతుంది. పంపక తప్పదంటే గట్టి రేకు డబ్బాలో కదలకుండా సర్ది పంపండి. తాపేశ్వరం మడత కాజా పాకం కారుస్తుంది, పక్కనున్న బట్టలు పాడవుతాయి. పచ్చి కొబ్బరి కజ్జికాయలు దారిలోనే వాసన వస్తాయి, ఎండు కొబ్బరితో చేయండి. అన్నింటికంటే నమ్మదగినవి అరిసెలు, సున్నుండలు. అరిసెను నూనె బాగా ఒత్తి, పూర్తిగా చల్లారాక కాగితంలో చుట్టాలి. వేడి మీద మూత పెడితే బూజు ఖాయం. లద్దాఖ్ చలికి సున్నుండ రాయిలా గట్టిపడుతుంది, కాసేపు పొయ్యి దగ్గర ఉంచుకుని తినమని చీటీ రాయండి.

చిరునామాలో పేరు, నంబరు, హోదా, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) లేదా 99 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్‌కోడ్. ఊరి పేరు రాయకూడదు. ఇది సైన్యంలో ఉన్నవాళ్ళకు. బీఎస్ఎఫ్‌లో ఉన్నవాళ్ళయితే వాళ్ళిచ్చిన చిరునామాకే పంపండి. పార్సిల్ అందిందన్న సంబరంలో అబ్బాయి ఎక్కడున్నాడో ఫేస్‌బుక్‌లో రాయకండి.

అటారీకి వెళ్తే మిఠాయి ఇచ్చుకోవడం చూడవచ్చా?

ప్రజలు గ్యాలరీల్లో కూర్చుని చూసేది సాయంత్రం జెండా దించే కవాతు. అది 1959 నుంచి ఉంది. మిఠాయి ఇచ్చుకునేది వేరే కార్యక్రమం, ప్రేక్షకుల కోసం చేసేది కాదు. కవాతుకైతే అమృత్‌సర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఈ ఏడాదిదేనా?

చాలావరకు పాతదే అయి ఉంటుంది. ప్రతి దీపావళికీ పాత ఫొటోలే కొత్త కోపంతో తిరుగుతాయి. గేటు పేరు, తేదీ లేని ఫొటోను నమ్మకండి. అధికారుల ముఖాన మాస్కులు కనిపిస్తే అది కరోనా కాలం నాటిది కావచ్చు. కరచాలనం చేస్తూ కనిపిస్తే 2025 మే తరువాతి పరిస్థితిని గుర్తుచేసుకుని, ఆ రోజు వార్తాపత్రికలో ఆ సంగతి ఉందో లేదో చూడండి. నిజంగా ఇచ్చుకున్న రోజున పత్రికలు ఆ వార్తను వదలవు. ఇవ్వని రోజున ‘ఈసారి మిఠాయి లేదు’ అని ఇంకా పెద్ద అక్షరాలతో వేస్తాయి.